పదిమందిలో జైపాల్

చిక్కడపల్లిలో ఆ రోజుల్లో కరుణాకర్ ఫోటో స్టూడియో తెలియని ఇల్లు లేదు. ఫోటో తీసేది అతనే గానీ, చెప్పొద్దూ, దాన్ని చూడముచ్చటగా చేసేది మాత్రం భార్య దమయంతి. నెగెటివును అద్దం బల్ల మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మొహాల మీది మచ్చలు పూడ్చేసేది. పెళ్లిచూపుల ఫోటో అంటే నారాయణగూడ నుంచి కూడా ఆమె చేతి కోసమే వచ్చేవారు.

తొంభై నాలుగు ఎండాకాలంలో, పట్నం చివర శిక్షణలో ఉన్న కుర్ర సిపాయిలను ఫోటో తీసే పని తగిలింది. పదిమంది, రెండు వరసలు. అప్పటికే రంగుల ఫోటోలు వచ్చేసినా, పాత జట్ల ఫోటోల పక్కన గోడకు వేలాడదీయాలని వాళ్లు నలుపు తెలుపే అడిగారు. కరుణాకర్ తండ్రి నాటి చెక్క కెమెరా మోసుకెళ్లి ఫోటో తీసి వచ్చాడు. టోపీలు, గుండీలు, భుజాలు అన్నీ ఒక్కలాగే ఉండాలని హవల్దారు పట్టుబట్టాడట.

దమయంతి ఇంకో అడుగు ముందుకేసింది. మూడు రోజులు కూర్చుని ఒకడి అమ్మవారు పోసిన గుంటలు, ఇంకొకడి పుట్టుమచ్చ, మరొకడి కాలిన గుర్తు, ఆఖరికి పెదవుల చివరి గీతలతో సహా అన్నీ పూడ్చింది. ఫోటో కడిగి చూస్తే పదిమందీ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నారు. మురిసిపోయింది.

మర్నాడు బుగ్గమ్మ వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటూ, అశోక్‌నగర్‌లో లేచే మేడలకు సిమెంటు మోసే మనిషి. ఆ పదిమందిలో జైపాల్ ఆమె కొడుకు. వాణ్ని చూసి ఏడాదైంది. సెలవు దొరకలేదనీ, నేరుగా సరిహద్దుకు పంపుతున్నారనీ, స్టూడియోకు వెళ్తే తన ఫోటో చూపిస్తారనీ ఉత్తరం రాశాడు. పని మానుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

దమయంతి ఫోటో చేతికిచ్చింది. బుగ్గమ్మ పై వరస చూసింది, కింది వరస చూసింది. గుమ్మంలో వెలుతురుకు పట్టి మళ్లీ చూసింది. పగిలిన వేలు ఒక మొహం మీద ఆగి, పక్కదాని మీదికి జారి, తిరిగి వెనక్కి వచ్చింది.

“కన్నతల్లిని, నా కొడుకు నాకే గుర్తువడ్తలేడు. ఎవలకన్న చెప్తే నవ్వుతరమ్మా,” అంది మెల్లగా.

ఎడమ చెంప మీద గంజి పడి కాలిన మచ్చ ఉండాలట. తాను పనిలో ఉండగా పసివాడు పొయ్యి దగ్గరికి పాకాడట. ఆ మచ్చను చూసినప్పుడల్లా తనను తాను తిట్టుకునేదాన్ననీ, ఇప్పుడు దానికోసమే వెతుకుతున్నాననీ చెప్పింది.

“మచ్చ నేనే తీసేసిన అక్కా. మంచిగుంటదనుకున్న,” అంది దమయంతి. “జర కూసో.”

పెన్సిల్ గీతలు చెరిపే టర్పెంటైనులో దూది ముంచి, నెగెటివు మీద ఆ ఒక్క చెంప తుడవబోయింది. పెన్సిల్ ఆనని మొహం ఒక్కటి ఉంటే కదా! ఏది ఎవరిదో ఆమెకే తెలియలేదు. మూడు రోజులూ మచ్చలే చూసింది గానీ మనుషుల్ని చూడలేదు. నెగెటివు మొత్తం తుడిచేసింది. హవల్దారు ఊరుకోడని గొణుగుతూనే కరుణాకర్ చీకటిగదిలోకి వెళ్లి మళ్లీ కడిగాడు.

తడి ఆరకముందే బుగ్గమ్మ కొడుకును గుర్తుపట్టేసింది. “గీడే. మొహం ఎట్ల బిగవట్టిండో చూడు. నవ్వొస్తే గట్లనే పెడ్తడు.”

దమయంతి వంగి చూసింది. నిజమే, పెదవి చివర నవ్వు ఆపుకుంటున్నాడు. అతని పక్కవాడి కళ్లలో బెదురు. వెనకవాడు కాస్త మడమలెత్తి నిలబడ్డాడు. అలా పదిమందినీ చూసే దాకా ఆమె తల ఎత్తలేదు.

ఆ తర్వాత శిబిరానికి పంపాల్సిన కాపీలన్నీ ఈ నెగెటివు నుంచే తీయమని భర్తకు చెప్పింది. హవల్దారు ఏమైనా అంటే తన పేరు చెప్పమంది.