సర్వీసు రికార్డు వయసు

దేశ రాజధానిలో, ద్వారకలోని తమ ఫ్లాట్‌లో తోటకూర వలుస్తున్న సదాశివరావు నడుం పట్టుకుని ఒక పక్కకి ఒరిగిపోయాడు. అప్పటికి పొద్దున్న పదిన్నర. కూతురు వాసవి సర్కారు పింఛనుదార్ల డిస్పెన్సరీ వాళ్లిచ్చే రిఫరల్ చీటీ కోసం ఆగకుండా అరగంటలో ఆసుపత్రిలో చేర్చింది.

కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలిందని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని సర్జన్ హిందీలో చెప్పాడు. వాసవి ఇచ్చిన పింఛనుదారు కార్డు చూసి, డెబ్బై ఎనిమిదే కదా, మాట్లాడుతున్నారు, బీపీ నిలబడింది, త్వరగా తెచ్చారు, ప్రయత్నిస్తానన్నాడు. ఎనభై దాటి ఉంటే ఆలోచించేవాణ్ణన్నాడు. వాసవి సంతకం పెట్టింది.

తల్లి దుర్గాంబ పక్కనే ఉండి అంతా వింది. ఆయనకి ఎనభై రెండు.

హైస్కూల్లో వేసేటప్పుడే మామగారు నాలుగేళ్లు తగ్గించి రాయించారు. సర్కారు కొలువు మీద అంత ముందుచూపు మరి. ఆ దొంగ లెక్కని కాపాడ్డానికి వీళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మేనకోడలి పెళ్లని ఆఫీసులో సెలవు పెట్టి, కాకినాడ వెళ్లి, దొంగచాటుగా షష్టిపూర్తి చేసుకొచ్చారు. మొన్నటికి మొన్న ఎనభై రెండు నిండాయి, వెయ్యి పున్నములు చూశారు, సహస్ర చంద్ర దర్శనం చేద్దామంటే, రికార్డు ప్రకారం ఇంకా నాలుగేళ్లుందన్నాడా మహానుభావుడు. ఎవరడిగినా కార్డు వయసే చెప్పడం ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది.

దుర్గాంబ కూర్చుంది, లేచింది, నీళ్లు తాగకుండానే సీసా మూత పెట్టేసింది. ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

"ఏమే, కార్డు వయసే చెప్పావు."

వాసవి గొంతు తగ్గించింది. "ఇప్పుడు చెబితే ఆపేస్తారేమోనమ్మా."

"చెప్పకపోతే మత్తు మందు ఎక్కువిచ్చేస్తారేమోనే."

గంటసేపు అలా కాళ్లు కాలిన పిల్లిలా తిరిగింది. చివరికి రక్తం కోసం బయటికొచ్చిన చిన్న డాక్టరుకి అడ్డం నిలబడి, వచ్చిన హిందీలో నిజం కక్కేసింది.

తమకి తెలుసన్నాడతను. మత్తిచ్చే ముందు పెద్దాయనే చెప్పారట, ఎనభై రెండు నిండాయి, చూసుకుని ఇవ్వండి, కార్డు మాత్రం దిద్దకండి అని. సర్జన్ బీపీ ఇంకోసారి చూసి, సరే కానిద్దామన్నాడట.

దుర్గాంబకి ఒళ్లు మండింది. తను జీవితమంతా గుట్టుగా దాచింది, ఈ మనిషి ముక్కూ మొహం తెలియని వాళ్లకి చెప్పేశాడు! వాళ్లు వద్దని ఉంటేనో? అనుకుని మళ్లీ ఆ తలుపు దగ్గరికే వెళ్లి నిలబడింది.

మూడున్నరకి సర్జన్ వచ్చాడు. బతికున్నారు, మూత్రపిండాలు పనిచెయ్యాలి, ఈ రెండు రోజులూ గండమే అన్నాడు.

ఐసీయూ అద్దంలోంచి చూస్తే గొట్టాల మధ్య ఆయన మొహం చిన్నదైపోయింది. మంచం కాళ్ల దగ్గర తగిలించిన పలక మీద నర్సు పెద్ద అంకెల్లో రాసింది, 82. పెళ్లయిన ఇన్నేళ్లలో దుర్గాంబ ఆయన అసలు వయసు రాతలో చూడ్డం ఇదే మొదలు.

"మన సొసైటీ హాలు అడగవే. సహస్ర చంద్ర దర్శనం చేసేద్దాం. అందర్నీ పిలుద్దాం."

"అమ్మా, డాక్టరు రెండు రోజులన్నాడు కదా."

"మూడో రోజుకి అడుగు."