సెల్లార్ తలుపుకి గడియ

మా సెల్లార్‌ని గదిగా మార్చడానికి ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూసి వెళ్ళారు. మొదటివాడు మెట్లు దిగకముందే ఫోను తీసి, ఇక్కడ సోఫా, అక్కడ గోడంత టీవీ అంటూ బొమ్మలు చూపించాడు. మిషను మీద బట్టలు కుట్టుకుని బతికేదాన్ని, నాకు సినిమా హాలు దేనికి నాయనా అని పంపించేశాను. రెండోవాడు గోడలు తట్టి, చెమ్మ చూసి, పెదవి విరిచి, ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే మాట్లాడతానన్నాడు. అప్పుడు మా ఆయన వాడి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా నోరు ఎలాంటిదో వాడు రుచి చూసే వెళ్ళాడు.

మూడోవాడు మా వెనక వీధి మేస్త్రీ. ఏ పని అడిగినా రేపంటాడని చుట్టుపక్కలంతా అతన్ని రేపు మేస్త్రీ అంటారు. వచ్చీ రాగానే, టేపు కూడా తియ్యకుండా, నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని బాగున్నావా డ్రైవరన్నా అని పలకరించాడు. ఆ మాట ఆయన్ని అడిగే దిక్కే లేకుండా పోయింది. వచ్చినవాళ్ళంతా ఆయన ముందే నిలబడి, ఎలా ఉన్నాడని నన్నడుగుతారు. పని ఆ మేస్త్రీకే ఇచ్చేశాను.

ఆ గది ఎందుకో చెప్పాలి. మా ఆయన బతుకంతా సిటీ బస్సు నడిపాడు. మతిమరుపు మొదట్లో నవ్వులాటగానే ఉండేది. కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు కోసం ఇల్లంతా గాలించేవాడు. తర్వాత్తర్వాత డ్యూటీకి టైమైందని డిపోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. కాపలావాళ్ళు తెచ్చి దింపేవాళ్ళు. పోయిన చలికాలంలో మాత్రం తాళంచెవి దానికే వదిలేసిన బస్సొకటి దొరికింది. జనాన్ని ఎక్కించుకుని గేటు దాటించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకోసారి ఇలా జరిగితే పోలీసులకి చెప్పక తప్పదని డిపో మేనేజరు తేల్చేశాడు.

అలాంటివాళ్ళని చూసుకునే హోములున్నాయి, అక్కడ పెడదామని మా అమ్మాయి ఫోన్లో అంది. అక్కడైతే నా గొంతు ఆయనకి వినపడదే అన్నాను. నీ గొంతు వినపడకపోతేనే నాన్న ప్రాణానికి హాయేమో అని నవ్వబోయి, అది ఏడ్చేసింది.

నా కుట్టుపని ముందుగదిలో. దాని తలుపు రోడ్డు మీదికే. బట్టలిచ్చేవాళ్ళు, తీసుకెళ్ళేవాళ్ళు వస్తూ పోతూనే ఉంటారు, ఆ సందులోనే ఆయన జారుకునేవాడు. ఆ తలుపు మూసుకుని కూర్చుంటే ఐదువేళ్ళూ నోట్లోకి వెళ్ళవు. అందుకే సెల్లార్ మీద పడ్డాను. నేను పైన మిషను తొక్కుతుంటే ఆయన నా కాళ్ళ కిందే ఉంటాడు, పిలిస్తే వినపడుతుంది. ఇంతకు మించి నాకు వేరే ప్లానేమీ లేదు.

మరి ఆయనకేం చెప్పాలి? మిమ్మల్ని ఉంచడానికే అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అద్దెకివ్వడానికండీ అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉందని తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆ మాటతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే చొక్కా వేసుకుని సెల్లార్‌లోకి దిగేవాడు. డిపో ఊసే లేదు. మేస్త్రీ కూడా ప్రతిదీ ఆయన్నే అడిగేవాడు. చెమ్మ పట్టిన గోడలు చెక్కి మందు పూస్తుంటే, అద్దెకొచ్చినవాడు జబ్బుపడితే ఆ పాపం మనకెందుకని ఇంకో పూత వేయించాడు. కిటికీ చిన్నదని గోడ కొట్టించి పెద్దది పెట్టించాడు. బాత్‌రూములో జారని టైల్సూ, గోడకి పట్టుకునే కమ్మీ నేను అడిగితే, వచ్చేది ముసలాయనా ఏంటే అన్నాడు. అయినా అవ్వచ్చన్నాను. అయితే పాపం మంచం కిటికీ పక్కన పడేట్టు చూడాలి అని, గదిలో అటూ ఇటూ నడిచి చోటు చూపించాడు.

పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండని మనిషికి, ఆ అద్దెకొచ్చేవాడు మాత్రం రోజూ గుర్తుండేవాడు. నా పుట్టినరోజు ఏనాడైనా గుర్తుందా అని నాకు ఉక్రోషం కూడా వచ్చింది. అయినా ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మేస్త్రీ రేపంటే మనసులో హమ్మయ్య అనుకునేదాన్ని.

తలుపు బిగించే రోజు రానే వచ్చింది. గడియ బయటివైపు పెట్టాలని, అదీ గట్టిది పెట్టాలని మేస్త్రీకి ముందే చాటుగా చెప్పాను. అతను ఎందుకని అడగలేదు. నేను ముందుగదిలో ఎవరికో జాకెట్టు కొలతలు తీస్తుంటే కిందనుంచి మా ఆయన అరుపు వినిపించింది. టేపు మెళ్ళో వేసుకునే పరిగెత్తాను. ఆయన మేస్త్రీ చేతిలోని గడియ లాక్కుని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

"మనిషుండే గదికి బయట గడియేంటి మేస్త్రీ? గొడ్లపాకా ఇది? ఆ వచ్చేవాడు ఎవర్ని చంపాడని?"

మేస్త్రీ నా మొహంలోకి చూశాడు. "వదినా, నువ్వే చెప్పు," అన్నాడు మెల్లగా.

ఊరందరికీ సమాధానం చెప్పగల నోరు నాది. ఆ పూట మాత్రం, మీ అన్న ఎలా చెప్తే అలా చెయ్యి అన్నాను. గడియ లోపలివైపు బిగించేదాకా ఆయన పక్కనే నిలబడ్డాడు. అద్దె ఇంట్లో ఉన్నంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోతాడా, తన తలుపు తనే వేసుకోవాలి, తనే తీసుకోవాలి అని మేస్త్రీకి నచ్చజెప్పాడు. ముసలమ్మ ఎక్కేదాకా బస్సు కదిలించనని ఆఫీసర్లతో గొడవపడ్డ మనిషి ఈయన. ఆ మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో. ఆనందపడాలో ఏడవాలో తెలియక చెంగు అడ్డం పెట్టుకుని పైకొచ్చేశాను.

మర్నాడు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వెళ్తూ ఇంటి తాళం మేస్త్రీకి ఇచ్చాను. మేం తిరిగొచ్చేసరికి గడియ బయటికి మారింది. లోపలి స్క్రూల కన్నాలు పూడ్చి, పైన రంగు కూడా వేశాడు. ఆనవాలు లేదు. పని బాగా చేశావయ్యా అన్నాను. అతను మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

మంచం కిటికీ పక్కనే వేయించి, ఆయన్ని ఆ గదిలోకి మార్చాను. మొదట్లో ఆయన నేను వెళ్ళినప్పుడల్లా, ఆ అద్దెకొచ్చేవాడు ఇంకా దిగలేదా అని అడిగేవాడు. కొన్నాళ్ళకి అడగడం మానేశాడు. అలవాటు పడ్డాడనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం భోజనం పళ్ళెంతో దిగి గడియ తీసేసరికి, ఆయన తలుపు వెనకే నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు, తల దువ్వుకున్నాడు. నన్ను చూడగానే మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు.

"ఇంటావిడగారూ, ఒక్క మాటండీ," అన్నాడు. "గది బాగుంది, ఏ లోటూ లేదు. కానీ నేనిక ఇంటికి వెళ్ళాలండీ. మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది."

కాపురానికొచ్చినప్పటినుంచీ ఏమే, ఒసే అన్న పిలుపులే విన్నాను. పిలిచినప్పుడల్లా నాకు పేరు లేదా అని దెబ్బలాడేదాన్ని. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఒసే అనమని ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"ఆవిడకి కోపమెక్కువండీ," అన్నాడు మళ్ళీ. "కానీ మంచిది. నేను వెళ్ళకపోతే తినకుండా కూర్చుంటుంది."

పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"ఆవిడకి కబురు పెట్టానండీ," అన్నాను. "తినేసిందట. మీరు తినండి."

ఆయన మొహం తేటపడింది. మీకు పుణ్యముంటుంది తల్లీ అని కూర్చుని, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. పళ్ళెం తీసుకుని బయటికొచ్చి గడియ పెట్టాను.