ముందు తెరచాప

పాత తెరచాపను మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆయన ఒక అంచు మీద కాలేసి నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు కాబట్టి, ఆమె ఒక్కతే మోకాళ్ళ మీద అటూ ఇటూ పాకుతూ మడిచింది. ఎండకీ ఉప్పుగాలికీ చివికిపోయిన గుడ్డ అది. ఎక్కడ చూసినా ఆమె వేసిన కుట్లే. సూదిపోట్లకు వేళ్ళు మొద్దుబారి, వేడి గిన్నె పట్టుకున్నా తెలియడం మానేసింది. "అయిందా? తెరచాపలు కుట్టేవాడు దుకాణం కట్టేస్తాడు," అన్నాడాయన ఫోను చెవి నుంచి తీయకుండానే.

ఆ తెరచాప పడవే ఆ మొగుడూపెళ్ళాల ఇల్లు. దానికిప్పుడు కొత్తగా ముందు తెరచాప కుట్టించాలి. ఎంత పెద్దదన్నదే గొడవ. ఆయనకు నడిమి స్తంభం దాటి వెనక్కి వచ్చేంత పెద్దది కావాలి. చిరుగాలికే పడవ పరుగెత్తాలట, రేవులో అందరూ తలతిప్పి చూడాలట. ఆమెకు స్తంభం దగ్గరే ఆగిపోయే చిన్నది కావాలి. ఎందుకంటే గాలి ముదిరితే దాన్ని చుట్టాల్సింది ఆమే. కెప్టెన్ అన్నవాడు చుక్కాని వదలకూడదట. ఆ శాస్త్రం రాసిన మహానుభావుడెవరో గానీ, తప్పకుండా మగాడే అయ్యుంటాడు.

మొన్నటి గాలివానలో తాడు బిగించే చక్రం మీద రెండు చేతులూ వేసి వేలాడింది. తెరచాప సగం చుట్టుకుని మొరాయించింది. కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. వెనక నుంచి ఆయన అరుపులు: "లాగవే, లాగు. తిన్నదంతా ఎక్కడికి పోతోంది?" పడవ ఒరిగి నీళ్ళు మోకాళ్ళ మీదికొచ్చాయి. ఆ క్షణంలో ఆమెకు తాడు వదిలేయాలనిపించింది. తాడుతోపాటు పడవ అంచునీ వదిలేయాలనిపించింది. హాయిగా ఉంటుందనిపించింది. భుజం నొప్పి ఎలాగో ఓర్చుకుంటోంది, తల బాగా వంచితే గానీ జడ వేసుకోలేకపోతోంది, అదీ సరే. ఇంకో గాలివానలో ఆ పెద్ద గుడ్డతో పెనుగులాడాల్సి వస్తే, చెయ్యి వదలకుండా ఉంటానని తన మీద తనకే నమ్మకం లేదు. భయమంతా అదే.

ఎవరికి చెప్పుకోవాలి? "అదృష్టమంటే నీదే వదినా, మేమిక్కడ వంటింట్లో పడి చస్తుంటే నువ్వు సముద్రం మీద షికార్లు కొడుతున్నావు," అంటుంది ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా. తనున్నదీ వంటింట్లోనేననీ, ఆ వంటిల్లు ఊగుతుంటుందనీ, పొయ్యి మీది గిన్నె మీద పడకుండా నడుముకు పట్టీ కట్టుకుని నిలబడాలనీ ఆవిడకెలా తెలుస్తుంది? ఇల్లు అమ్మి పడవ కొన్నప్పుడు సంతకం పెట్టమంటే పెట్టింది. "ఇంక మనిద్దరమే. రాణీలా చూసుకుంటా," అన్నాడు. రాణీగారికి ఇప్పుడు అలిగి వెళ్ళి కూర్చోవడానికి ఒక గుమ్మం కూడా లేదు.

తెరచాపలు కుట్టే దుకాణంలో చెప్పులు బయటే విడవాలి. నేలంతా నున్నటి చెక్క. మధ్యలో నేలలోకి దించిన గొయ్యి, అందులో కుట్టుమిషను. కుట్టేవాడు నడుము దాకా గోతిలో దిగి కూర్చుంటాడు, గుడ్డేమో నేల మట్టానికి పరుచుకుంటుంది. ఆయనకు కుర్చీ వేశాడు. "అమ్మా, ఆ చివర కాస్త పట్టుకోండి," అని కొత్త గుడ్డ అంచు ఆమె చేతికిచ్చాడు.

దారంతా లోలోపల అనుకుంటూ వచ్చిన మాట ఆమె ఎలాగో బయటపెట్టింది. "చిన్నదైతే మేలండీ. నా చెయ్యి లేవడం లేదు."

"దానికి గాలంటే భయం లెండి," అని నవ్వాడాయన.

"సరే సార్, పడవ మీద పనిచేసేది ఎంతమంది? దాన్ని బట్టే నేను కొలత వేస్తాను."

"నేనొక్కణ్ణే. తను వంటా అదీ చూసుకుంటుంది."

"ఒక్కరైతే ఇంత పెద్దది చుట్టడం కష్టం కదా సార్?"

"అబ్బే, తాడు లాగితే దానంతటదే చుట్టుకుంటుంది."

దానంతటదే. అవును మరి, ఇన్నేళ్ళూ బట్టలు వాటంతటవే ఉతుక్కున్నాయి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరిగారు. మంచాన పడ్డ అత్తగారి కింద దుప్పట్లు వాటంతటవే మారాయి. "నా కోడలికి ఒళ్ళు వంగదు," అంటూనే పోయిందావిడ, ఆ దుప్పటి మీదే. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే ఏడుపూ తన్నుకొచ్చింది. కొత్త గుడ్డ మీద కన్నీళ్ళు పడి మరకవుతుందని మొహం పక్కకు తిప్పుకుంది. ఇంత ఏడుపులోనూ తను ఆయన గుడ్డ గురించి జాగ్రత్తపడుతున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

కుట్టేవాడు సుద్ద పట్టుకుని నేల మీద వంగాడు. "అక్కడే, ఇంకాస్త వెనక్కి. పెద్దదే వేసెయ్యండి," అంటున్నాడాయన.

ఆమె గుడ్డ అంచు వదిలేసింది. బయటికి నడిచి చెప్పులు వేసుకుంది. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో ఆమెకు తెలియదు. గుమ్మంలోంచే, కుట్టేవాడితో మామూలుగా అంది:

"ఆయన అడిగినంత పెద్దదే కుట్టండి బాబూ. ఇకమీద ఆ పడవలో ఉండేది ఆయనొక్కరే."