వేణ్నీళ్ళకు కాలిన ఇల్లు

ల్యాబ్‌లో గాజుసామాను కడిగే గది నాది. మూడు తొట్లు, ఒక పెద్ద ఓవెన్, నేను. కడిగిన సీసాలకు రేకు మూత చుట్టి, ఓవెన్‌లో పొడిగా కాల్చి పై అంతస్తుకు పంపాలి. పైన నా కూతురు పరిశోధన చేసేది. రోగాలతో పోరాడే రక్తకణాలను సీసాల్లో పెంచేది. రోగాల మధ్య తిరిగే పిల్లను కన్నదానికి గుండె కుదురుగా ఎక్కడుంటుంది?

అందుకని దాని సీసాలు మాత్రం, కాల్చి చల్లారాక, మూత తీసి మరిగించిన నీళ్ళతో ఇంకోసారి కడిగి బోర్లించి, ఆరాక మళ్ళీ మూత చుట్టేదాన్ని. ఓవెన్ తలుపు ఎవరు తీశారో, ఎవరు తుమ్మారో! ఎవరికీ చెప్పలేదు. వేణ్నీళ్ళకు ఇళ్ళు కాలతాయా?

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో అది ముద్ద ముట్టలేదు. దాని నుదుటి మీద చెయ్యి వెయ్యబోయాను.

"నాకేం జ్వరం లేదమ్మా. నా కణాలకే వచ్చినట్టుంది."

"అయ్యో, వాటికేమైంది?"

"కణంలో జన్యువులు ఉండచుట్టిన దారంలా ఉంటాయి. క్రిమి తగిలిందనుకో, కణం గడప దగ్గర కాపలా ఉన్నది లోపలికి కబురు పంపుతుంది. అప్పుడు ఉండ వదులై సైటోకైన్ జన్యువు మేలుకుంటుంది. సైటోకైన్లంటే ఊరికి దండోరా లాంటివి. జ్వరం, వాపు వాటి పనే. నేను ఆ కబురును మధ్యలో ఆపే మందు చూస్తున్నా. కానీ క్రిమి తగలని కణాలు నిద్రపోవాలి కదా? ఆరు నెలలుగా అవీ మేలుకునే ఉన్నాయి. నావి మాత్రమే."

"క్రిములు పడ్డాయేమోనే!"

"బతికున్నవి లేవు. చచ్చినవాటి తునకలు చాలు. నీళ్ళు మరిగిస్తే క్రిమి చస్తుంది గానీ తునకలు ఆ నీళ్ళలోనే ఉంటాయి. కుబుసం చూసి ఊరంతా కర్రలు పట్టుకున్నట్టు. ఆ తునకలు కూడా మాడిపోవాలనే సీసాలు పొడిగా కాల్చేది."

చెంచా పళ్ళెంలో పెట్టేశాను. అది నన్నే చూసింది.

"తిను," అంది. "నువ్వు నా సీసాలు మళ్ళీ కడగడం మొన్న చూశా. పొరపాటు నాదేనని మా ల్యాబ్ పెద్ద సారుకి రాసిచ్చా. నెల గడువిచ్చారు, మళ్ళీ చేస్తా. నువ్వు సీసాలు ఒక్కసారే కడిగి, నోరు మూసుకునుండు. అంతే చాలు."

నోరు మూసుకోవడం నాకు వస్తే ఇంకేం? నెల ఎంతలో అయిపోతుంది? సారు మనసు మార్చుకుంటే? లేని తప్పు నెత్తిన వేసుకున్న పిల్లను రేపు ఎవరు పిలిచి పని ఇస్తారు? మర్నాడు పొద్దున్నే సారు గదికి వెళ్ళి, చేతులు కట్టుకుని అంతా చెప్పేశాను.

"అయితే అమ్మాయి తప్పేం లేదంటారు," అన్నారాయన.

"ఏమీ లేదు బాబూ. అన్నీ నా పాపాలే."

"మీరు కడిగారని ఆమెకి తెలుసా?"

"తెలుసు బాబూ. నన్ను కాపాడడానికే తన మీద వేసుకుంది." గొప్పగా చెప్పాను, నా పిల్ల మంచితనం గురించి.

ఆయన దాని ఉత్తరం బయటికి తీశారు. "అంటే సంతకం పెట్టి నాకు అబద్ధం రాసిచ్చింది."

సాయంత్రానికి ల్యాబ్‌లో దాని చోటు పోయింది. నిజం చెప్పినందుకు నా ఉద్యోగం ఉంచారు.

బల్ల ఖాళీ చేసి, ఆఖరి సీసాల బుట్ట తనే నా గదికి తెచ్చింది.

"ఎందుకు చెప్పావమ్మా?"

"భయమేసిందే."

"నీకు ఎప్పుడు వెయ్యలేదు గనక?" అని బుట్ట తొట్టి పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

దాని బల్ల దగ్గరికి ఇంకెవరో వచ్చారు. వాళ్ళ సీసాలు కూడా నా దగ్గరికే వస్తాయి. ఒక్కసారే కడుగుతున్నాను.