అంచులో ఆరు పోగులు

ఆ గుడ్డ గురించి తాను రాసిచ్చిన రెండు వాక్యాలు తప్పని నవీనకు ఒప్పుకోక తప్పలేదు. అప్పటికి ఎగ్జిబిషన్ తెరవడానికి ఇంకా మూడు గంటలే ఉన్నాయి.

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఒక చిన్న మ్యూజియంలో పాత బట్టలు పాడవకుండా చూసే పని ఆమెది. ఏడాది కాంట్రాక్టు, ఆరు వారాల్లో అయిపోతుంది. పొడిగిస్తేనే వీసా. పొడిగించాల్సింది డైరెక్టర్ హెలెన్.

ఆ రోజు తెరవబోయేది నార్ఫోక్ దీవిలో ఇంగ్లిష్ వాళ్లు పెట్టిన ఖైదీల కాలనీ తొలి ఏళ్ల గురించిన ఎగ్జిబిషన్. 1788లో కొద్దిమంది ఖైదీలను, కాపలా వాళ్లను తెచ్చి ఆ దీవిలో దింపారు. ఓడలకు తెరచాప గుడ్డ కావాలి, తాళ్లు కావాలి. న్యూజిలాండ్‌లో హరకేకె అని పిలిచే నార మొక్క దీవి నిండా ఉంది. దాన్నుంచి మంచి నార తీయడం మాత్రం అక్కడ ఎవరికీ చేతకాలేదు. 1793లో న్యూజిలాండ్ ఉత్తర తీరం నుంచి టుకి, హురు అనే ఇద్దరు మగవాళ్లను, అక్కడి మూలవాసులైన మావోరీలను, మాయచేసి ఓడలో పట్టుకుపోయారు, నేర్పమని. అది ఆడవాళ్ల పని, తమకు పెద్దగా తెలియదన్నారు వాళ్లు. ఆరు నెలల తర్వాత గానీ ఇల్లు చేరలేదు.

ఎగ్జిబిషన్‌కంతటికీ పెద్ద ఆకర్షణ మూరెడు హరకేకె నార గుడ్డ. దాన్ని తెచ్చింది డునెడిన్‌లో ఉండే రిచర్డ్ హోల్‌బ్రూక్ అనే పెద్దాయన. వాళ్ల పూర్వీకుడొకడు ఆ దీవిలో సిపాయిగా ఉండేవాడట. ఆ ఇద్దరూ పక్కన కూర్చుని నేర్పితే ఖైదీలు నేసిన గుడ్డ ఇదేనని వాళ్లింట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. లేబుల్ మీద కూడా అదే రాశారు.

గుడ్డ అంచులో నవీనకు ఒక నూలు దారం కనిపించింది. మైక్రోస్కోపు కింద లెక్కపెడితే ఆరు పోగులు, రెండేసి కలిపి పురి పెట్టినవి. అలాంటి దారం యంత్రాల మీద తయారై బజారుకొచ్చింది 1793 తర్వాత యాభై అరవై ఏళ్లకు. ఆ మాట చెబితే హెలెన్, "తర్వాతెప్పుడో కుట్టుంటారు. మరమ్మతు అని రాసెయ్," అంది. నవీన అలాగే రాసింది. మిగతా గుడ్డ ఆ కాలానిదే కావచ్చని కూడా రాసింది.

ఆ పొద్దున టీ తాగుతూ లాప్‌టాప్‌లో ఫోటో చూస్తుంటే వెనక నుంచి అమ్మ కొమురమ్మ వంగి చూసింది. మూడు నెలల కిందట కూతురి దగ్గరికి వచ్చింది. వాళ్ల ఊరు కొయ్యలగూడెంలో మగ్గం మీద కూర్చున్నది తన భర్త నర్సింహే అయినా, ముప్పై ఏళ్లు కండెలు చుట్టిందీ, పడుగు పోసిందీ ఆమే.

"ఏందే గిది, గోనె ముక్కనా?"

"పాత గుడ్డమ్మా. ఈ అంచు దారం మాత్రం తర్వాత కుట్టిన్రు."

కొమురమ్మ కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి జరిగింది. "ఎవలన్నరు కుట్టిన్రని? కుట్టుడైతే దారం మీదికెల్లి పోతది. గీడ సూడు, పేక దీని సుట్టు తిరిగొచ్చింది. పడుగు పోసిన్నాడే పెట్టిన దారం బిడ్డా. అంచుకు మనం గట్టి దారం పెట్టమా?"

నవీన టీ కప్పు పక్కన పెట్టింది. ఆ సంగతి ఆమె కంట్లో ముందే పడింది. పడనట్టు ఉండిపోయింది, అంతే.

తొమ్మిదింటికి హెలెన్ గదిలోకి వెళ్లి చెప్పేసింది. హెలెన్ వెంటనే లేచి తలుపు వేసింది.

"పదకొండింటికి మినిస్టర్ వస్తున్నారు. ఊరంతా పోస్టర్లున్నాయి. నీకెంత నమ్మకం?"

"అనుమానం లేదు. అది మరమ్మతు కాదు. గుడ్డ మొత్తం యంత్రం దారం వచ్చాక నేసిందే."

"వారం కిందట సంతకం పెట్టింది నువ్వే కదా?"

"నేనే. తప్పు చేశాను."

హెలెన్ తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. "నీ కాంట్రాక్టు కాగితాలు ఈ టేబుల్ మీదే ఉన్నాయి. బెదిరిస్తున్నానని అనుకోకు. ఇవాళ ఒక్కరోజు ఊరుకో. వచ్చే వారం నెమ్మదిగా లేబుల్ మారుద్దాం."

నవీన తలూపింది. బయటికొచ్చింది. ఒక్కరోజే కదా అని తనకు తానే చెప్పుకుంది.

పదింటికి వైమరీ వచ్చింది. టుకి, హురుల ఉత్తర తీరానికే చెందిన మావోరీ. హరకేకెతో నేసే మనిషి. సభలో మొదటి మాట ఆమెదే. తిన్నగా గుడ్డ ఉన్న అద్దాల పెట్టె దగ్గరికి నడిచింది. అక్కడ హోల్‌బ్రూక్ కొత్త కోటులో, మనవరాలితో ఫోటో దిగుతున్నాడు. వైమరీ లేబుల్ చదివింది. మళ్లీ చదివింది. కింద పరిశీలించినవారి పేరుంది. తలెత్తి నవీన మెడలోని బ్యాడ్జి చూసింది.

"మీరేనా? వాళ్లిద్దరూ నేర్పారా ఇది?" గొంతు పెంచకుండానే అడిగింది. "వాళ్లకు తెలియదనే మా పెద్దవాళ్లు చెప్పారు. తెలియదన్నందుకే అన్నాళ్లు అక్కడ చిక్కుకుపోయారు. ఇప్పుడు మీరు నేర్పారని రాశారు."

హోల్‌బ్రూక్ ఇటు తిరిగాడు. గది అవతల హెలెన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నవీన వైపు చూస్తోంది.

నవీన హెలెన్ మీంచి చూపు తిప్పుకుంది. "లేదు. నేర్పలేదు. ఈ గుడ్డ వాళ్లిద్దరి కాలానిది కాదు. నేను రాసింది తప్పు."

"ఏమంటున్నారు మీరు?" అన్నాడు హోల్‌బ్రూక్. "మా తాత అబద్ధమాడాడా?"

"మీ తాతగారి గురించి నాకేం తెలియదండీ. గుడ్డ గురించే చెబుతున్నాను." ఫోన్ తీసి ఫోటో పెద్దది చేసింది. పేక ఎక్కడ తిరిగిందో చూపించింది. ఆరు పోగులూ ఒక్కొక్కటే లెక్కపెట్టించింది. ఆయన చివరి పోగు దాకా చూశాడు.

"పెట్టె తెరవండి. నా గుడ్డ నాకిచ్చేయండి," అన్నాడాయన హెలెన్‌తో.

హెలెన్ తాళం తీసింది. ఆయన గుడ్డను అందుకుని సగానికి మడవబోతే నవీన గబుక్కున అడ్డుపడింది. "మడవకండి, దయచేసి. నార విరిగిపోతుంది." తెల్ల కాగితం పరిచి, గొట్టానికి చుట్టి, రెండు చివరలా టేపు కట్టి ఇచ్చింది. ఆయన కృతజ్ఞతలు చెప్పలేదు. మనవరాలు మాత్రం వెనక్కి తిరిగి ఒకసారి చూసింది. వాళ్లు తలుపు దాటేసరికి కుర్చీలు నిండుతున్నాయి.

ఖాళీ పెట్టెను మ్యూజియం పనివాళ్లు గోడవతలికి తోసేశారు. లేబుల్‌ను హెలెనే పీకేసింది. వైమరీ టుకి, హురుల పేర్లతో మొదలుపెట్టి, ఇష్టం లేకుండా ఇల్లు వదలాల్సి వచ్చిన మనుషుల గురించి మాట్లాడింది. నవీన వెనక వరసలో నిలబడే ఉంది. ఒక్క మాటా బుర్రకెక్కలేదు.

నాలుగు రోజులు హెలెన్ ఆమెతో పలకలేదు. ఐదో రోజు కాంట్రాక్టు కాగితాలు టేబుల్ మీద పెట్టి వెళ్లింది. ఏడాది కాదు, మూడు నెలలు. అందులో కారణమేమీ రాయలేదు. నవీన సంతకం పెట్టి, ఆ సాయంత్రం నుంచే వేరే ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టింది.

రెండు వారాల తర్వాత డునెడిన్ నుంచి ఫోన్.

"మీ మీద కోపం పోలేదు," అన్నాడు హోల్‌బ్రూక్ మొదలుపెడుతూనే. "మరి ఎవరు నేశారంటారు?"

"యంత్రం దారం వచ్చాక, ఇంట్లో మగ్గం ఉన్నవాళ్లెవరో. హరకేకెతో పని తెలిసిన మనిషే. మీ ఇంట్లో ఆ రోజుల్లో నేసేవాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా?"

"ముత్తాత మొదటి భార్య నేసేదని మా అత్త ఎప్పుడో అంది. ఉత్తరాన హొకియాంగా వైపు మావోరీ మనిషట. ఆమె గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు."

నవీన కలం తీసుకుంది. "ఆమె పేరేమిటండీ?"

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"నాకు తెలియదు," అన్నాడాయన. "కనుక్కుని చెబుతాను."