లాన్‌లో నాచు తీసిన రోజు

అమ్మ, చెల్లి నిధి, మేడ మీద ఆఫీస్ మీటింగ్‌లో నాన్న, టీకి వచ్చిన జయంతి ఆంటీ, నేను, ఆ రోజు ఇంట్లో ఉన్నది మేం ఐదుగురమే, ఈ అమ్మాయెవరు పద్మినీ అని ఆంటీ అడిగితే అమ్మ కప్పు కింద పెట్టి, ఇండియా నుంచి మొన్న జూన్‌లో వచ్చింది అంది, అంతే, మా పెద్దమ్మాయి అనలేదు, మర్చిపోయిందేమో, టీ మరీ వేడిగా ఉందేమో, నేనే చెబుదామనుకున్నాను కానీ ఊళ్లో బడిలో హాజరు పలకడానికి కూడా నాకు గొంతు వచ్చేది కాదు, చెప్పులేసుకుని వెనక లాన్‌లోకి వెళ్లిపోయాను.

పైన్ చెట్ల కింద నాచు, ఎండ తగలక మందు కొట్టినా మళ్లీ వస్తోందని నాన్న విసుక్కునే నాచు, లాన్ బాగు చేసుకోమని ఇక్కడి ఇళ్ల నియమాలు చూసే కమ్యూనిటీ వాళ్లు రెండు లెటర్లు పంపారట, ఇదంతా తీసేస్తే ఆంటీ వెళ్లేలోపు అమ్మ వచ్చి చూస్తుంది, మా పెద్దది చేసింది అంటుంది, ఆ ఒక్క మాట కోసం గొంతుక్కూర్చుని పీకుతున్నాను, తడి గోనెపట్టాలా ఊడి వస్తోంది, కింద ఎర్రమట్టి, నాకు రెండేళ్లప్పుడు అమ్మ ఉద్యోగానికి ఇక్కడికి వచ్చేస్తే పిన్ని పెంచింది, పిన్ని మిరప మడిలోనే కలుపు తీయడం నేర్చుకున్నాను, నిధి వచ్చి పక్కన కూర్చుని, అక్కా, ఇది కూడా తీయాలా అంది, నాచు మధ్యలో వెంట్రుకల్లాంటి సన్నటి గడ్డి, లాన్ గడ్డిలా లేదు, కలుపే, తీసెయ్ అన్నాను, ఇద్దరం ఒక్క పోచ మిగల్చలేదు, నవ్వుకున్నాం కూడా.

అద్దం తలుపు జరిగింది, అమ్మే, చూపు మట్టి మీద ఆగిపోయింది, నిధీ, బుద్ధుందా నీకు, డాడీ గడ్డి సీడ్ వేసినప్పుడు నువ్వూ ఉన్నావు కదే, మూడు వారాలు పట్టింది మొలవడానికి అంటూ వచ్చి దాని వీపు మీద ఒకటి వేసింది, అయ్యో, నాన్న పొద్దున్నే పైపుతో తడిపేది చెట్లనుకున్నాను, నిధి ఏడుస్తూ ఆ మట్టి చేతులతోనే అమ్మ నడుం పట్టుకుంది, అమ్మ తిడుతూనే తన చున్నీతో దాని ముక్కు తుడిచింది, పిన్ని అయితే ఈపాటికి నన్ను వీధి చివరి దాకా తరిమేది, అమ్మా, తీయమన్నది నేనే అన్నాను, దెబ్బ కోసం వీపు కూడా కాస్త వంచాననుకుంటాను, అమ్మ నా వైపు తిరిగింది, ముఖంలో కోపం సర్దుకుంది, ఇట్స్ ఓకే చంద్రికా, నీకు తెలీదు కదా, పర్లేదు అంది, ఎంత మెత్తగా అందో, జయంతి ఆంటీతో మాట్లాడినట్టే, ఈ నాలుగు నెలల్లో అమ్మ నన్ను ఒక్కసారీ తిట్టలేదు, అది ప్రేమే అనుకుని డైరీలో ఎన్ని పేజీలు రాసుకున్నానో, పరాయివాళ్లనే కదా ఎవరూ తిట్టరు, నిధిని లోపలికి లాక్కుని, చేతులు కడుక్కుని నెమ్మదిగా రా, తొందరేం లేదు అంటూ అమ్మ నా ముందు తలుపు మూసింది, చప్పుడు కాకుండా, మర్యాదగా.