కాశమ్మ కొంగు

"జొన్నచేను గట్టు మీద చిన్నపిట్ట వాలెనే, వాలి వాలి నన్ను జూసి..."

ఆ తర్వాతి మాట కాశమ్మకు ఎన్నడూ అందలేదు. చిన్ననాడు కలుపు తీస్తూ వాళ్ళమ్మ పాడిన పాట అది. కిషన్‌బాగ్ గల్లీలో పొద్దున్నే నల్లా కింద బిందె పెట్టి అంతవరకు పాడి, మిగతాది "ఊఁ ఊఁ" అని లాగించేది. వెనక కొంగు పట్టుకుని సుజన కూడా "ఊఁ ఊఁ" అనేది.

ఆ పిల్లను తెచ్చి అప్పగించిన నాడే పిల్లల సంక్షేమ ఆఫీసు మహేశ్వరి మేడం గట్టిగా చెప్పింది. "కాశమ్మా, ఇది దత్తత కాదు. దీని తల్లి దవాఖానల ఉన్నది. కోలుకుంటే పంపాలె. అమ్మా అని పిలవనియ్యకు."

సరే, అమ్మమ్మ అని నేర్పింది. మొదట్లో ఆ పిల్ల ఏమీ పిలవలేదు, కరిచేది. అన్నం ముద్దలు దిండు కింద దాస్తే రాత్రికి చీమలు పట్టేవి. కానీ వచ్చిన నాడు పట్టుకున్న కొంగు చివర మాత్రం వదల్లేదు. బడికి పోయినా వదల్లేదు. కొంగే సాగింది. గల్లీ దాటి, మసీదు మలుపు తిరిగి, బడి గేటు దాకా పోయింది. ఆటోవాళ్ళు దాన్ని ఒక చేత్తో పైకెత్తి కింద నుంచి పోయేవాళ్ళు. ఇస్త్రీ బండి పింటూ ఒక్కడే ఊరుకునేవాడు కాదు.

"కాశమ్మక్కా, గీ చీర ఇస్త్రీకిస్తే నా బొగ్గులన్నీ ఖతమైతయ్!"

"నీ బొగ్గులు నువ్వే దాసుకోరా, ముడతలతోనే కట్టుకుంటా!"

పొయ్యి ముందు కూర్చుంటే నడుము దగ్గర చిన్న గుంజు తగిలేది. ఆకలన్న మాట. పిల్ల ఆటలో ఉంటే కొంగు గాలిపటం దారంలా వణికేది. అప్పుడు కాశమ్మ కూర కలపడం ఆపి, ఆ వణుకు ఆగేదాకా నవ్వుకుంటూ కూర్చునేది.

తల్లి వరమ్మ కోలుకుంది. తాండూరు పంపాలన్నారు. అఫ్జల్‌గంజ్ బస్టాండు జనంలో పిల్ల తప్పిపోతుందేమోనని కాశమ్మ కొంగు చివర పుట్నాలు, బెల్లం మూటగట్టి, ఆ కొసను సుజన మణికట్టుకు గట్టిగా ముడివేసింది. మేడం వెంట పిల్లను ఎక్కించుకుని బస్సు కదిలింది. కొంగు మూసీ వంతెన మీదుగా సాగుతూ పోయింది. ముడి విప్పలేదన్న సంగతి ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. తట్టినా ఏమీ చేయలేదు. రోజూ గడప మీద కూర్చుని కాస్త కాస్త లోపలికి చుట్టుకునేది.

భర్త సీమోను చూశాడు. "గుంజుతున్నవ్ కదనే."

"గాలికి వస్తది."

"గాలికి చీర వస్తదానే? పిల్ల వస్తది గని."

ఒక సాయంత్రం వరమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ముడి ఇప్పొస్తలేదు. పండ్లతోని పీకిన, కత్తెర వెట్టిన, తెగుతలేదు. కూసున్న పిల్ల కూసున్నట్టే తలుపు దిక్కు జరుగుతది. రోడ్డు మీదికి పోతది. నాకు ఊపిరి ఆడదు పెద్దమ్మా, ఎన్క పోలేను."

అటువైపు సుజన ఫోన్ తీసుకుంది. ఒక్క మాటే చెప్పి తల్లికిచ్చేసింది.

సీమోను పాత కత్తెర తెచ్చి పక్కన పెట్టి, బయటికి పోయాడు. తాండూరులో తెగని కొంగు కాశమ్మ చేతిలో తడి కాగితంలా తెగింది. తెగిన కొస గడప దాటి, గల్లీ దాటి, ఎక్కడా ఆగకుండా పోయింది.

మిగిలిన చీర భుజం దాకా రాలేదు. పింటూ దాన్ని ఇస్త్రీ చేసి మడతపెట్టి తెచ్చాడు. పైసలు అడగలేదు. తాండూరు నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. పొద్దున నల్లా కాడ కాశమ్మ పాట మొదలుపెట్టి, "నన్ను జూసి" దగ్గర ఆగుతుంది. వెనక ఎవరూ "ఊఁ" అనరు. బిందె నిండి పొర్లుతున్నా ఆమెకు ఫోన్‌లో సుజన చెప్పిన ఆ ఒక్క మాటే వినిపిస్తుంది.

"అమ్మమ్మా, జర మెల్లగ గుంజు. మా అమ్మ నా ఎన్క ఉరకలేదు."